నా చేతిలో వట్టి గేరు రాడ్డు

మా ఇంట్లో ఒక పాత కారుంది. ఉంది అనడం కంటే మా నెత్తిన కూర్చుంది అంటే సరిపోతుంది. మా మామగారు దాన్ని సూర్యాపేట, కోదాడ మధ్య కిరాయికి తిప్పి పిల్లల్ని పెంచారట. ఆయన పోయాక మా ఆయన దాన్ని అమ్మడు, అమ్మనివ్వడు. దాని గేరు రాడ్డు ఇప్పటి కార్లకున్నట్టు సీట్ల మధ్య ఉండదు. స్టీరింగ్ కిందనే, ఎడమ చేతి వైపు, అడ్డంగా పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి ఇనుప కడ్డీలు గేర్‌బాక్స్ దాకా పోతాయి. ఆ కడ్డీలు కలిసేచోట రబ్బరు బుష్షులుంటాయి. అవి అరిగితే ఇక అంతే సంగతులు.

పోయిన ఎండాకాలం మిర్యాలగూడలో మా చెల్లెలి ఇంటికి పోయి వస్తుంటే చిలుకూరు దగ్గర ఒక బుష్షు ఊడిపోయింది. బండి సెకండ్ గేర్లో ఇరుక్కుంది. రాడ్డు మాత్రం వట్టిగా ఊగుతోంది. అట్లాగే మూలుగుతూ కోదాడలో మా ఇంటిదాకా వచ్చి, ముందుభాగం ప్రహరీగోడ వైపు ఉండేట్టు వాకిట్లో ఆగింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "అన్నా, దాని సామాను ఇప్పుడేడ దొరుకతది? పాతినుప సామానోనికి ఇచ్చెయ్" అన్నాడు. ఆ మాటతో మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

తెల్లారి టీ కూడా తాగకుండా మొదలుపెట్టాడు. బుష్షు కోసం స్లిప్పర్ కోశాడు. తనది కాదు, నాది. అదీ మంచిగున్నది! నేను నోరు చేసుకుంటే, "రబ్బరు మెత్తగుండాలె, నీదే మెత్తగున్నది" అన్నాడు. మా వాకిలి వాన నీళ్లు పోవడానికని గేటు వైపు వాలుగా ఉంటుంది. అందుకని వెనక చక్రాల కింద రెండు రాళ్లు పెట్టాడు. ముందు గోడే ఉంది కదా అని ముందు చక్రాలకు ఏమీ పెట్టలేదు. బానెట్ లేపి, గోడకూ బంపర్‌కూ మధ్య ఉన్న మూరెడు సందులో దూరి, ఆ రబ్బరు ముక్కను కడ్డీల మధ్య బిగించి, అక్కడే నిలబడ్డాడు.

"ఎక్కి కూసో. సెల్ఫ్ కొట్టు" అన్నాడు.

నాకు డ్రైవింగ్ రాదు. తాళం తిప్పడం ఒక్కటే వచ్చు. బానెట్ లేచి ఉండడంతో ఆయన నాకు కనిపించడం లేదు.

"న్యూట్రల్‌ల ఉన్నదా?" అని అడిగాను.

"రాడ్డు ఊపి సూడు. ఊగుతదా? ఊగితే న్యూట్రలే."

ఊపాను. అటూ ఇటూ హాయిగా ఊగింది. అంత హాయిగా ఊగడమే నాకు నచ్చలేదు.

"నిజంగ న్యూట్రలేనా? ఓసారి సూడరాదు?"

"నీకేం తెల్వదు గని ముందు తాళం తిప్పు! పొద్దుగాల్నే తల తినకు!"

తిప్పాను.

ఆయన పెట్టిన బుష్షు పట్టుకోలేదు. నా చేతిలో రాడ్డు ఊగుతోంది కానీ, కింద గేర్‌బాక్స్‌లో నిన్నటి సెకండ్ గేరే ఉంది. కారు ఒక్క దూకు దూకింది. గోడకు ఏదో మెత్తగా తగిలిన చప్పుడైంది. తాళం వదిలేశాను.

కేక వినబడలేదు. కేక పెట్టినా బాగుండు.

"ఏమయ్యా" అన్నాను. రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ గుంజాను. దేనికీ తగలడం లేదు. అప్పుడు బానెట్ అవతల నుంచి ఊపిరి సరిపోని గొంతు: "క్లచ్... తొక్కు."

ఏది క్లచ్? కింద మూడున్నాయి. మధ్యది తొక్కాను. కారు కదల్లేదు. అవతల ఆయన మూలిగాడు. అయ్యో దేవుడా, నా చేతులతో నేనే చంపుతున్నాను అనుకున్నాను. "ఎడమది" అని వినబడింది. రెండు కాళ్లతో ఎడమది తొక్కాను. కారు వాలుకు వెనక్కి జారి రాళ్లకు తగిలి ఆగింది. అవతల ఏదో కూలబడిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

పిలిచాను. పలకలేదు. కాలు తీస్తే మళ్లీ దూకుతుందేమోనని భయం, తీయకపోతే ఆయన దగ్గరికి పోలేను. ఉన్నాడో లేడో తెలియదు. జుట్టు పీక్కుంటూ వీధంతా వినబడేట్టు అరిచాను. పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చి, ముందుకు పోయి చూసి, "ఉన్నడు వదినా, కండ్లు తెరిచే ఉన్నడు! కాలు ఇరిగినట్టున్నది" అన్నది. ముందు చక్రాలకు కూడా రాళ్లు పెట్టి, తాళం పీకి, నా కాలిని పెడల్ మీద నుంచి ఆమే తీసింది. నాకై నేను తీయలేకపోయాను.

తొడ ఎముక విరిగింది. సూర్యాపేట పెద్ద దవాఖానకు అంబులెన్స్‌లో తీసుకెళ్లాం. మునగాల దాటేదాకా ఆయన పళ్లు బిగబట్టి పడుకున్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను. చివరికి ఆయనే అన్నాడు.

"ఊకో. తప్పు నాదే. నువ్వు రెండుమార్లు అడిగినవ్. ఇంకోమారు అడిగితే వంగి సూద్దునేమో."

"ఇంకోమారు అడుగుదామనే అనుకున్న" అన్నాను.

"మరి అడగకపోయినవ్?"

"తిడ్తవని."

ఆయన అంబులెన్స్ పైకప్పు వైపు చూశాడు. "గంతగనం తిడ్తనా నేను?" అన్నాడు.

ఇంకో రోజైతే ఆయన మొహం చూసి, లేదులే అనేదాన్ని.

"తిడ్తవ్" అన్నాను.