లేని బీపీకి పథ్యం

నా సీమంతం రోజున గాజులు చేతికి ఎక్కలేదు. జగ్గయ్యపేటలో మా అత్తగారింటికి వచ్చిన పేరంటాళ్ళంతా తలా ఒకసారి ప్రయత్నించారు. చివరికి అత్తయ్య సబ్బునీళ్ళు రాసి రెండు మాత్రం ఎక్కించారు. "కడుపుతో ఉన్న మనిషికి నీరు పట్టడం మామూలేలే" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు లేచేసరికి తల పగిలిపోతోంది. ఫోన్ చూస్తే అక్షరాల మీద నల్లచుక్కలు తేలుతున్నాయి.

మా ఆయన కిశోర్, మామయ్య కలిసి ఊళ్ళో కిరాణా కొట్టు నడుపుతారు. కొట్టు తీయడానికి బయల్దేరిన ఆయన నా ముఖం చూసి, తాళాలు మామయ్య చేతికిచ్చి కారు తీశారు. ఊళ్ళో డాక్టరమ్మ బీపీ చూశారు. కాసేపు పడుకోబెట్టి మళ్ళీ చూశారు. పై అంకె నూట అరవై దాటింది. యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది.

"ప్రీఎక్లాంప్సియా అంటారమ్మా దీన్ని, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ప్రమాదకరమైన బీపీ. ఇంటికెళ్ళి బట్టలు సర్దుకునే పని పెట్టుకోవద్దు. ఇటు నుంచి ఇటే విజయవాడ వెళ్ళండి" అన్నారు.

దారిలో మా పుట్టింటి ఊరు నందిగామ దగ్గర, మా ఆయన ఫోన్ అందుకున్న అమ్మ హైవే పక్కన సంచీ పట్టుకుని నిలబడి ఉంది. కారెక్కి నా తల ఒళ్ళో పెట్టుకుంది.

విజయవాడలో నాకు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. బీపీ ఎంతకీ దిగకపోవడంతో ఎనిమిదో నెలలోనే ఆపరేషన్ చేశారు. పాప కిలోన్నర కూడా లేదు. నేను ఐసీయూలో, అది పసిపిల్లల ఎన్ఐసీయూలో. ఎన్ఐసీయూ బయట అత్తయ్య డాక్టరుగారిని ఆపి అడిగారట.

"ఒక్క మాటండి. మా పిల్లకి ఆవకాయన్నమంటే ప్రాణం. రోజూ నేనే కలిపి పెట్టా. దానివల్ల వచ్చిందా ఇదంతా?"

"కాదమ్మా. ఈ రకం బీపీ మావి, అదే ప్లాసెంటా దగ్గర మొదలవుతుంది. మీ తప్పేం లేదు."

అత్తయ్య తలైతే ఊపారు కానీ నమ్మలేదు. ఆ వేసవిలో మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు.

పాపను తీసుకుని నందిగామ వెళ్ళాక గండం గడిచిందనుకున్నాం. కొన్నాళ్ళకే మళ్ళీ అదే తలనొప్పి. నిద్ర చాలక అనుకుంది అమ్మ. నేనూ అలాగే అనుకుని ఒక పూట ఓర్చుకున్నాను. కాన్పయ్యాక కూడా బీపీ ఎగబాకుతుందని మాకెవరికీ తెలియదు. మళ్ళీ అడ్మిట్ చేశారు, మళ్ళీ మాత్రలు. నెమ్మదిగా తగ్గింది. పాప బోర్లా పడే నాటికి మందులు ఆపేశారు.

ఆ రోజు డాక్టరుగారు చెప్పింది నాకు బాగా గుర్తు. "ఇప్పుడు నీకు బీపీ లేదు. కానీ ఒకసారి ఇలా వచ్చినవాళ్ళకి ముందు ముందు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. ఉప్పు తగ్గించు, నడువు, బరువు పెరగనీకు. ఏడాదికోసారి తప్పకుండా చూపించుకో."

మా ఆయన చెవికి మొదటి వాక్యమే ఎక్కింది. "లేదన్నారుగా! ఇంకా బీపీ బీపీ అంటావేంటి, పిలిచి తెచ్చుకున్నట్టు" అనేవారు. జగ్గయ్యపేటకి తిరిగొచ్చాక, పొద్దున్నే నడకకి వెళ్తుంటే పక్కింటావిడ గేటు దగ్గర ఆపి అడిగింది. "ఏంటమ్మా, షుగరా?"

"లేదండి."

"బీపీనా?"

"అదీ లేదండి."

"మరెందుకు నడుస్తున్నావ్?"

నవ్వేసి ముందుకు నడిచాను.

ఇంట్లో అందరికీ మామూలు వంట చేసి, ఉప్పు తక్కువ పప్పు నా వరకు చిన్న గిన్నెలో తీసిపెట్టుకునేదాన్ని. అందరూ తిన్నాక తినేదాన్ని. ఒకరోజు అత్తయ్య వంటింట్లోకి వచ్చి ఆ గిన్నెలోంచి కాస్త వేలితో తీసి నోట్లో వేసుకున్నారు.

"ఇదేంటే, ఇట్టా ఉంది? రోజూ ఇదే తింటున్నావా, ఒక్కదానివే కూర్చుని?"

"అలవాటైపోయింది అత్తయ్యా."

మర్నాటి నుంచి వంట అత్తయ్యే చేశారు, అందరికీ ఒకే గిన్నెలో. ఒకేసారి కాకుండా వారం వారం కాస్త కాస్త ఉప్పు తగ్గిస్తూ వచ్చారు. కొన్ని వారాలకి మామయ్య పట్టేశారు.

"పప్పులో ఉప్పేయడం మర్చిపోయావేంటి?"

"మర్చిపోలా. తగ్గించా."

"మనకేం రోగం?"

"రోగం లేదు కాబట్టే తగ్గించా. వచ్చాక తగ్గించమని చెప్పడానికి డాక్టరుంటాడు, నేనెందుకు?"

మామయ్య కొట్లోంచి చిన్న పొట్లంలో ఉప్పు తెచ్చుకుని జేబులో దాచుకోవడం మొదలుపెట్టారు. చొక్కా ఉతకబోయిన అత్తయ్యకి దొరికింది. గొడవ పడలేదు. ఆదివారం ఆవకాయతో రెండు ముద్దలు, మిగతా రోజులు ఆవిడ చెప్పినట్టు అని ఒప్పందం చేశారు. ఆ మరుసటి వేసవిలో మా ఇంట్లో మళ్ళీ ఆవకాయకి కాయ కొట్టారు, చిన్న జాడీకి మాత్రమే.

ఇంత చేసిన అత్తయ్య, ఇదంతా చూసి మనసు మారిన మా ఆయన బీపీ మెషీన్ కొనుక్కొస్తే మాత్రం చెయ్యి చాపలేదు. "నాకొద్దు. నిక్షేపంలా ఉన్నాను. చూస్తే లేనిపోనిది బయటపడుద్ది" అన్నారు.

"నా గిన్నెలో పప్పు తిన్నారుగా అత్తయ్యా. ఇది కూడా నాతో పాటే" అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అంకె బాగానే ఉంది. సాయంత్రానికి ఆ అంకె మా వీధంతా తెలిసింది. మా ఆయనది మాత్రం బీపీ హద్దుకి అంచున ఉంది. ఇప్పుడు నాతో పాటు నడకకి వస్తున్నారు. పక్కింటావిడ ప్రశ్నలకి జవాబు ఆయనే చెబుతారు.

పాపకి నాలుగేళ్ళు వచ్చాక రెండో బిడ్డ కావాలనుకున్నాం. భయంతోనే విజయవాడ వెళ్ళాం. "బీపీ బాగుంది, బరువు బాగుంది. ఈసారి మొదటినుంచీ కాచుకుందాం" అన్నారు డాక్టరుగారు. నెల తప్పాక మొదటి నెలల్లోనే, మళ్ళీ ఆ బీపీ రాకుండా చిన్న డోసు ఆస్పిరిన్ రాశారు. తొమ్మిదో నెలలో బీపీ కొంచెం పెరిగి నన్ను వణికించింది. కానీ నెలలు నిండి బాబు పుట్టాడు. పుట్టగానే నా గుండెల మీద పడుకోబెట్టారు. పాపప్పుడు నాకు దక్కనిది అదే.

ఇప్పుడు బాబు నడుస్తున్నాడు. నాకు ఏ మందులూ లేవు. కాన్పులో బీపీ వచ్చి తగ్గిపోయిన అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఇదే. ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ సంగతి మీ అంతట మీరే చెప్పండి. ఏడాదికోసారి బీపీ చూపించుకోండి. తలనొప్పి వచ్చేదాకా ఆగకుండా, ఒంట్లో హాయిగా ఉన్న రోజే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఇంకొకరిని కూడా వెంటబెట్టుకెళ్ళి, వాళ్ళదీ చూపించండి.