మా అత్త దారికి జపాన్ చిల్లర

జరగండి, ఇంకొంచెం ఇటు జరిగి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోండి. ఈ ముచ్చట గట్టిగా చెప్పేది కాదు. లోపలి గదిలో మా అత్త ఉన్నది. నేను చెప్పబోయేది ఆమె చావు గురించే. వింటే లేచి వచ్చి నా తప్పులు దిద్దుతుంది.

మాది వరంగల్ కొత్తవాడ. మా ఆయన జంపఖానాలు నేస్తాడు, నేను కండెలకు నూలు చుడతాను. రెండేళ్ల కింద చేనేత సంఘం వాళ్లు మా ఇద్దరినీ పది రోజులు జపాన్ తీసుకుపోయారు. పెద్ద హాలులో మగ్గం బిగించి మమ్మల్ని కూర్చోబెట్టారు. మేము నేస్తుంటే జనం వచ్చి, చూసి, నడుము దాకా వంగి దండం పెట్టి పోయేవారు. ముప్పై ఏళ్లు ఇక్కడ నేసినా మా ఆయనకు అన్ని దండాలు రాలేదు. ఇంటికొచ్చాక వారం రోజులు, నేనూ దండం పెడతానేమోనని నా వైపు ఆశగా చూశాడు. నేను పెట్టలేదు.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అంకెలైతే గుర్తుపడతాను. అక్కడ పసుప్పచ్చ బిళ్ల ఒకటి ఉంటుంది, నడుమ తూటుతో. దాని మీద అంకె కూడా లేదు, అన్నీ వాళ్ల బొమ్మల అక్షరాలే. లెక్క తప్పితే పరువు పోతుందని ఏది కొన్నా నోటే ఇచ్చేదాన్ని. చాయ్‌కి నోటు, అరటిపండుకూ నోటు. వాళ్లు రెండు చేతులతో చిల్లర తిరిగి ఇచ్చేవారు. పది రోజులకు మా ఆయన సాక్సు ఒకటి నిండిపోయింది. విమానం ఎక్కేచోట మిషన్‌లో అది కనబడి, అక్కడి ఆయన బయటికి తీయించాడు. ముడి విప్పాడు, వాసన తగిలింది, ఒక్క మాట అడగకుండా మళ్లీ తానే ముడేశాడు.

ఇంటికొచ్చాక ఆ సాక్సు పట్టుకొని హన్మకొండలో విదేశీ పైసలు మార్చే దుకాణానికి పోయాము.

"నోట్లుంటే తీసుకుంట అక్కా. చిల్లర తీసుకోం," అన్నాడు అందులో పిల్లగాడు.

"ఎందుకు బిడ్డా, ఇవి పైసలు కావా?"

"పైసలే అక్కా. ఆడికి వోతె పైసలు."

బయటికొచ్చాక మా ఆయన నవ్వాడు. "మన పది రూపాల బిళ్లనే దుకాణాలల్ల తీసుకుంటలేరు, జపాన్‌ది తీసుకుంటరానే?"

పోనీ గుడి హుండీలో వేద్దామన్నాను.

"ఏస్తె దేవుడు గూడ ఈ దుకాణానికే రావాలె గదనే మార్సుకోనీకి. ఆయనకూ గిదే జవాబు."

సాక్సు తెచ్చి మగ్గం పక్క మేకుకు తగిలించాము.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పండు ముసలివాళ్లు పోతే పాడె ముందు దారి పొడుగునా పేలాలు, చిల్లర పైసలు చల్లుతారు. నిండుగా బతికిన మనిషి మీద చల్లిన పైస ఇంట్లో ఉంటే మంచిదని జనం ఏరుకుంటారు. కొందరు బియ్యం డబ్బాలో వేసుకుంటారు. కొందరు పిల్లలకు దడుపు పోవాలని మొలతాడుకు కడతారు. మేము జపాన్ నుంచి వచ్చిన నెలలోనే మా గల్లీలో ఒక పెద్దాయన పోయాడు. కొడుకులు గుప్పెళ్లతో రూపాయి బిళ్లలు చల్లారు. ఒక్కరూ వంగలేదు. మర్నాడు పొద్దున ఊడ్చే ఆమె వచ్చి పేలాలతో పాటు వాటిని చెత్తబండిలోకి ఎత్తింది.

మా అత్త గడపలో కూర్చొని అదంతా చూసింది. ఎనభై దాటిన మనిషి, చావంటే ఆమెకు భయం లేదు. ఆ రోజు నుంచి ఒకటే రంది: తన పైసలు కూడా ఎవరూ ఏరరని.

"కొడుకా, గా సాక్సుల పైసలు నా మీద సల్లు," అన్నది ఒకరోజు.

"నవ్వుతరే అవ్వా. జపాన్ పైసలు ఎవలన్న సల్లుతరా?"

"నవ్వనీ. వంగి ఏరుకుంట నవ్వుతరు. నాకు వంగుడు గావాలె."

అంతటితో ఆగలేదు. ముందుగా పరీక్ష చేసి చూడాలన్నది. "నేను వోయినంక ఏరిన్రో లేదో నాకెవలు సెప్తరు?" అన్నది.

మర్నాడు నల్లా వచ్చే వేళ, గల్లీ అంతా బిందెలతో నిండి ఉన్నప్పుడు, గుప్పెడు జపాన్ బిళ్లలు చల్లుకుంటూ నడిచాను. అత్త గడపలో కుర్చీ వేసుకొని చూస్తున్నది. బతికున్న అత్త ముందే ఆమె చావు చిల్లర చల్లిన కోడలు వరంగల్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఒక బిళ్ల మీది నుంచి స్కూటర్ పోయింది. ఒకటి దొర్లుకుంటూ మోరీ నీళ్లలో పడింది. అంతలో ఎదురింటామె బిందె దించి, వంగి, నాలుగు బిళ్లలు ఏరింది. మా అత్త కుర్చీలోంచి సగం లేచింది.

ఎదురింటామె తిన్నగా నా దగ్గరికి వచ్చి వాటిని నా చేతిలో పెట్టింది. "అక్కా, మీ మగ్గం వాషర్లు పడిపోతానయ్. సూసుకోవా?"

అత్త లోపలికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నది. అన్నం వద్దన్నది. చాయ్ కూడా వద్దన్నది. "ఊడ్సే ఆమెకు సెప్పు, నాయి గూడ బండ్లనే ఎయ్యమను," అన్నది గోడతో. నాకు అప్పటిదాకా అంతా నవ్వులాటే. ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. నేనే ఎదురింటికి పోయి, అవి వాషర్లు కావని, మా అత్త రంది ఇదని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చెంప మీద చెయ్యి వేసుకున్నది.

సాయంత్రం మనుమరాలిని చంకనేసుకొని వచ్చింది.

"పెద్దమ్మా, గా తూటు పైస ఒకటియ్యవా? పోరి నిద్రల ఉలిక్కి వడ్తాంది. మొలతాడుకు గడ్త."

అత్త ఇటు తిరిగింది. "ఇప్పుడెట్లిస్త? గవి నేను సచ్చినంక సల్లేటియి."

"మరి గదెప్పుడు?"

"నాకేం ఎరుక?"

"దసరా లోపు అయితదా?"

"ఏందే, నన్ను తొందరవెడ్తానవా?"

"తొందరేం లేదు పెద్దమ్మా. పోరి పెద్దగైతే మొలతాడు గట్టరు గద, గందుకడిగిన."

అత్త లేచి కూర్చొని నన్ను పిలిచింది. "పిల్లా, చాయ్ వెట్టు. ఇద్దరికి."

మూడు రోజుల్లో సంగతి గల్లీ అంతా పాకింది. పొద్దున లేస్తే ఎవరో ఒకరు వచ్చి "పాణం ఎట్లుంది పెద్దమ్మా?" అని అడగడమే. ఎనభై ఏళ్లలో ఆమె పాణం గురించి అంతమంది అడిగింది లేదు. ఎందుకు అడుగుతున్నారో ఆమెకు బాగా తెలుసు. వచ్చినవాళ్లకు వచ్చినట్టే జాగాలు పంచింది. "నువ్వు ట్రాన్స్‌ఫార్మర్ కాడ నిలవడు, ఆడ మూల మీద ఎక్కువ సల్లిపిస్త. నువ్వు పిండి గిర్నీ కాడ. ఎనుకకు వోకు, ఎనుక పేలాలే దొరుకుతయ్."

"అవ్వా, గిది పాడెనా, రేషన్ దుకాణమా?" అన్నాడు మా ఆయన.

ఆ చలికాలం అత్తకు జ్వరం తగిలింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే గల్లీ అంతా బయటికి వచ్చి నిలబడింది. మూడో రోజు అదే ఆటోలో వచ్చి తన కాళ్ల మీద తాను దిగింది. అత్త ఎదురింటామె మొహంలోకి తేరిపార చూసింది.

"ఏందే, బాధవడ్డవా నేనొచ్చినందుకు?"

"ఛ, గదేం మాట పెద్దమ్మా!"

"వడ్డవు. జరంత వడ్డవు. నాకు మంచిగనే ఉన్నది."

గడపలోనే కూర్చొని ఎదురింటామె మనుమరాలిని ఒళ్లోకి తీసుకున్నది. తూటు పైసను నల్ల దారానికి గుచ్చి తన చేతులతో ఆ పిల్ల నడుముకు కట్టింది. ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

"గిది అడ్వాన్స్," అన్నది ఎదురింటామెతో. "ఆ రోజు మాత్రం నువ్వు వంగాలె. మోకాళ్ల నొప్పులని సాకులు సెప్తె ఊకోను."

ఇదీ ముచ్చట. ఇంతసేపు నా మాట విన్నారు, మీ ఇల్లు పిల్లల అల్లరితో నిండి ఉండాలి. మీ ముసలివాళ్లు తొంభై దాటాలి, మిమ్మల్ని తిట్టే ఓపిక వాళ్లకు చివరిదాకా ఉండాలి. మీ గడపకు ఏ కష్టమొచ్చినా పిలవకముందే పక్కింటివాళ్లు పరుగెత్తుకుంటూ రావాలి.