గీతకి అవతల ఇంజిన్

2007 వేసవిలో, పార్ట్‌టైమ్ సైనికులమైన మా నేషనల్ గార్డ్ యూనిట్‌ని మెక్సికో సరిహద్దులోని లరేడోకి పంపారు. ప్లేనోలో కంప్యూటర్ సర్వర్లు చూసుకునే నన్ను తీసుకెళ్లి రియో గ్రాండే నది మీది రైలు వంతెనకి కాపలా పెట్టారు. మాడ్చేసే ఎండ. హెల్మెట్, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్, రైఫిల్, రెండు సీసాల నీళ్లు. ఆర్డరు ఒక్కటే. వంతెన మధ్యలో పసుపు గీత ఉంది, అవతల మెక్సికో, బూటు దాటకూడదు.

పాత వంతెన వరదకి కొట్టుకుపోతే మళ్లీ కట్టారట. సగం వాళ్లది, సగం మాది. ఎవరి సగానికి వాళ్లే రంగు వేసుకునేవారు. మెక్సికో నుంచి వచ్చే గూడ్సు ఇంజిన్ గీత దగ్గర ఆగేది. వాళ్ల డ్రైవరు, అసిస్టెంటు దిగి వెనక్కి నడిచిపోయేవారు. మా డ్రైవరు ఎక్కేవాడు. వీసా గొడవ లేనిది ఆ బండికొక్కదానికే.

ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ అలా దిగి నడుస్తుండగా అవతలి గట్టు మీద రెండు ముఠాలు కాల్పులు మొదలుపెట్టాయి. గుళ్లు ఉక్కు దూలాలకి తగిలి ఖంగుమంటున్నాయి. మెక్సికో డ్రైవరు తొడ పట్టుకుని కూలిపోయాడు. నడకదారి జాలీలోంచి రక్తం నదిలోకి కారుతోంది.

నేను కదలగానే రేడియోలో సార్జెంట్ అరిచాడు.

"ఆగు! గీత దాటొద్దు!"

"చచ్చిపోతాడు సర్!"

"ఆర్డరంటే ఆర్డరే!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజిన్ కిటికీలోంచి మా డ్రైవరు తల బయటపెట్టాడు.

"బండికి లేదుగా ఆర్డరు? ఎక్కు!"

ఇంజిన్ మెట్టెక్కి కడ్డీ పట్టుకున్నాను. ఆయన బండిని వెనక్కి నడిపాడు. కిటికీ అద్దం భళ్లున పగిలింది. నా బూటు మాత్రం మెక్సికోని తాకలేదు.

గుబురు మీసాల అసిస్టెంటు పారిపోలేదు. తన డ్రైవరుని రెండు చేతులతో పైకెత్తి నాకు అందించాడు. చొక్కా పట్టి లోపలికి లాగేశాను. అసిస్టెంటుకి చెయ్యిద్దామని తిరిగేసరికి అతని ఛాతీ మీద రక్తం ఎర్రగా విచ్చుకుంటోంది. మా డ్రైవరు బండిని ముందుకు దూకించాడు.

తొడకి బిగించి కట్టుకట్టాను. ఆ డ్రైవరు బతికాడు.

డ్యూటీ ముగిశాక ప్లేనోలో ఒక బర్త్‌డే పార్టీకి వెళ్లాను. స్నేహితుడొకడు ఆటపట్టించాడు.

"ఏం బాస్, బార్డర్‌లో ఒక్కసారన్నా ఫైర్ చేశావా? ఊరికే ఎండకి టాన్ అయ్యి వచ్చావా?"

"ఒక్క రౌండ్ కూడా పేల్చలేదు," అన్నాను. అందరూ నవ్వారు.

నిజమే, పేల్చలేదు. ఆ రోజు బండి దూరమవుతుంటే ఆ అసిస్టెంటు ఇంకా నిలబడే ఉన్నాడు. బరువు నా చేతికి వచ్చేసిన సంగతి తెలియనట్టు, రెండు చేతులూ పైకెత్తే ఉంచాడు.