నాయన వండిన పథ్యం

మా అమ్మ పోయిన మరుసటి ఏడాది నేను నెల తప్పాను. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా వైపు ఆనవాయితీ. నా పుట్టిల్లంటే పాకాలలో నాయన ఒక్కడే ఉంటున్న రైల్వే క్వార్టర్సు. ఆయన అక్కడ పాయింట్స్‌మన్. బండి ఏ పట్టా మీదికి పోవాలో ఆ పట్టాకు దారి మార్చే పని ఆయనది.

మా అత్త, మా ఆయన తల్లి, తిరుపతి నుంచి వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఆడదిక్కు లేని ఇంట్లో పురుడెట్లా పోస్తావు? కోడల్ని మా ఇంట్లోనే పెట్టుకుంటాంలే."

నాయన తల వంచుకుని విన్నాడు. తల ఎత్తి, "వాళ్ళమ్మ ఉండుంటే నువ్వీ మాట అడిగేదానివి కాదు గదమ్మా. నేనుండాను. నేను చేస్తాను" అన్నాడు.

అంత ధీమాగా చెప్పాడే గాని, బాలింతకు ఏం పెట్టాలో ఆయనకు ఒక్క ముక్క తెలియదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ వంటింట్లోకి నీళ్ళ చెంబు కోసం తప్ప పోయినవాడు కాదు.

పాకాల జంక్షను. ధర్మవరం వైపు నుంచి, కాట్పాడి వైపు నుంచి వచ్చి బండి మారేవాళ్ళు ప్లాట్‌ఫారం మీద నీడ చూసుకుని మూటలు పరుచుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళలో చంటిబిడ్డ తల్లి, పక్కన ఒక పెద్దామె కనిపిస్తే చాలు, నాయన డ్యూటీ దిగి నీలం చొక్కాతోనే వాళ్ళ దగ్గరికి పోయేవాడు.

"అమ్మా, నా బిడ్డ నీళ్ళాడబోతా ఉండాది. ఇంట్లో ఆడవాళ్ళు లేరు. మీ ఊర్లో బాలింతకు ఏం పెడతారో రోంత చెప్పండమ్మా."

మొదట కొంగు సర్దుకుని అనుమానంగా చూసేవాళ్ళట. విషయం విన్నాక మాత్రం ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పేవాళ్ళట. మదనపల్లె వైపు ఆమె వెల్లుల్లిని నేతిలో సన్నసెగ మీద వేయించి తొలి ముద్దలో పెట్టమంది. కదిరి ఆమె మునగాకు వేపుడు తింటే పాలు బాగా పడతాయంది. కాట్పాడి నుంచి వచ్చిన ముసలామె సగం అరవంలోనే మిరియాల చారు పెట్టడం నేర్పింది. ఇవన్నీ తలలో పెట్టుకుని ఇంటికొచ్చి, ఆ సాయంత్రమే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చేసి చూసేవాడు. మొదటిసారి వెల్లుల్లి బొగ్గయింది. ఇల్లంతా పొగ. దగ్గుతూనే, "సెగ ఎక్కువైంది, అంతే. దినుసు మంచిదే" అన్నాడు.

స్టేషన్లో తోటివాళ్ళు ఎగతాళి చేశారు. "ఏమప్పా, మంత్రసాని పని ఎప్పుడు నేర్సినావు?" అని ఒకాయన అడిగితే, "ఇంకా నేర్సుకుంటా ఉండాను. నీ బిడ్డ నీళ్ళాడేటప్పటికి బాగా వచ్చేస్తాది, పిలువు" అన్నాడట.

నడి వేసవిలో, కత్తిరి ఎండల్లో పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి క్వార్టర్సుకు వచ్చేసరికి పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. నాకు, బిడ్డకు నీళ్ళు పోయడానికి నాయన పక్క వీధి అవ్వను కుదిర్చాడు. ఆమె చేతిలో ఊళ్ళో సగం మంది బాలింతలు కోలుకున్నారు. ఒళ్ళు పట్టడంలో, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడంలో ఆమెకు సాటి లేదు. కాని ఆమె పద్ధతులు ఆమెవి. కిటికీ మూసేసింది. నా తలకు గుడ్డ కట్టి చెవుల్లో దూది పెట్టింది. మంచం కింద కుంపటి. తాగడానికి పూటకు అర గ్లాసు వేణ్ణీళ్ళు. చలికాలం కాన్పులకు అది బాగానే ఉండేదేమో. ఆ ఎండల్లో నాకు నాలుక పిడచ కట్టుకుపోయింది. ఒంటేలుకు పోతే మంట. పాలు తగ్గాయి. పాప చప్పరించి చప్పరించి ఏడ్చేది. ఒక మధ్యాహ్నం మంచం దిగబోయి కళ్ళు తిరిగి కూలబడ్డాను.

నాయన పరుగెత్తుకొచ్చాడు. జట్కా పిలిపించి నన్నూ బిడ్డనూ ఊళ్ళోని లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె నా నాలుక చూసి, కంటి రెప్ప లాగి చూసి, "నీళ్ళు ఎంత తాగుతున్నావు?" అని అడిగింది. చెప్పాను. ఆమె నాయన వైపు తిరిగి నిదానంగానే చెప్పింది. "బిడ్డకు పాలిచ్చే తల్లి. దాహం తీరేదాకా తాగనివ్వండి. గదిలోకి గాలి రానివ్వండి. కుంపటి తీసేయండి."

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. అవ్వ గడప దగ్గరే నిలబడి చేతులు తిప్పుతూ అంది.

"పచ్చి బాలింతకు నీళ్ళిస్తే పొట్ట ఉబ్బిపోతాది. బిడ్డకు జలుబు సేస్తాది. రేపేమన్నా అయితే ఊరంతా నా మీదికి వస్తారు. నేను రాను పో!"

డాక్టరు మాట ఉంది గనక నాయన గట్టిగా మాట్లాడొచ్చు. కాని ఆయన గడప మీద కూర్చుని, ఆమెను కూడా కూర్చోమన్నాడు.

"పెద్దమ్మా, నీ చేతికి నేను వంక పెట్టడం లేదు. నీళ్ళు పోసేది నువ్వే. కాకపోతే సూడు, ఎంత పెద్ద ఇంజన్ అయినా ఈడ నీళ్ళు పట్టుకోకుండా ముందుకు పోదు. నా బిడ్డకు తనకూ కావాల, పసిదానికీ కావాల. యాడి నుంచి తెస్తాది? నీళ్ళు నువ్వు చెప్పినట్టే కాస్తాను. అందులో ఏమేయాలో చెప్పు."

అవ్వ కొంగు సర్దుకుని గడప మీద కూర్చుంది. తర్వాత గొణిగినట్టు అంది. "జీలకర్ర, రోంత వాము వేసి తెర్లనీ. సల్లారినాక ఇయ్యి. కుండలో సన్నీళ్ళు మాత్రం ముట్టనియ్యొద్దు."

"నీ మాటే," అన్నాడు నాయన.

ఆ పూటే కుంపటి బయటికి పోయింది. నాయన నిచ్చెన వేసుకుని రేకుల మీద కానుగ కొమ్మలు పరిచి, వాటి మీద నీళ్ళు చల్లాడు. కిటికీ తెరిచి తడిపిన గోనెపట్టా కట్టాడు. మంచాన్ని గాలి నేరుగా బిడ్డకు కొట్టని మూలకు జరిపాడు. ఇత్తడి చెంబులో వాము నీళ్ళు నా తల దగ్గరే ఉండేవి. అది ఖాళీ అయితే ఆయనకు ఎట్లా తెలిసేదో, నింపేసేవాడు.

వంట కూడా ఎండను బట్టి మార్చాడు. శొంఠి, మిరియం తగ్గించి, వెల్లుల్లి అన్నం తర్వాత సొరకాయో బీరకాయో పప్పులో వేసి మెత్తగా ఉడికించి పెట్టాడు. పళ్ళెం పట్టుకుని తలుపు బయట నిలబడి, "అమ్మా, తెచ్చినాను" అని, నేను సర్దుకుని రమ్మనేదాకా అటువైపు తిరిగి ఉండేవాడు. మెల్లగా నాకు ఒంట్లో సత్తువ వచ్చింది. పాలు పడ్డాయి. పాప మెడ కింద మడతలు తేలాయి. అవ్వ దాని తొడ గిల్లి, "కాడెద్దు మాదిరి అయింది గదప్పా" అని నాయనతో అంది.

పేరు పెట్టే రోజు మా అత్త పెద్ద క్యారియర్ నిండా పథ్యం వండుకుని వచ్చింది. గదిలోకి వచ్చి గోనెపట్టాను చూసింది, నన్ను పైనుంచి కిందికి చూసింది, పాపను ఎత్తుకుని బరువు చూసింది. "ఏం పెడతా ఉండావన్నా వీళ్ళకు? నాకూ వడ్డించు" అంది.

నాయన చేతులు తుడుచుకుని వడ్డించాడు. ఆమె తొలి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఈ వెల్లుల్లి ఎవరు వేయించినారు?"

"నేనేనమ్మా."

"ఇంకో ముద్ద పెట్టు."

ఆ క్యారియర్‌లోది ఆ రోజు మా చుట్టాలు తిన్నారు.

మరుసటి వేసవిలో మా ఆడబిడ్డ కాన్పుకు తిరుపతి వచ్చింది. బిడ్డ పుట్టినాక అత్త నన్ను పిలిచి, "మీ నాయనను లీవు పెట్టుకుని నాలుగు రోజులు రమ్మను" అంది. ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, సంచిలో వాము, శొంఠి పట్టుకుని వచ్చాడు. వంటింట్లో ఆయన పొయ్యి ముందు కూర్చుంటే మా అత్త పక్కన పీట వేసుకుని సెగ ఎంత పెడుతున్నాడో వంగి చూసింది. బిడ్డను చూడ్డానికి వచ్చిన ఎదురింటామె వంటింట్లో మగమనిషిని చూసి, ఎవరని గుసగుసగా అడిగింది.

"మా వియ్యంకుడు," అంది అత్త. "బాలింతకు వండాలంటే ఈయన దగ్గరే నేర్సుకోవాల."

నేను వసారాలో పాపకు అన్నం తినిపిస్తున్నాను. ఆ మాట నాకు స్పష్టంగానే వినబడింది. అయినా, "ఏమంటిరి అత్తా?" అన్నాను.

ఆమె ఈసారి వీధిలోకి వినబడేటట్టు చెప్పింది.