రేవు దాటని ఆట

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాస్తున్నానంటే, ఇన్నేళ్లుగా నాకు నేను సర్దిచెప్పుకోలేక విసుగొచ్చే.

తొంభైల చివర్లో భీమవరంలో ఇంజినీరింగ్ చదివేవాణ్ణి. పాత పుస్తకాల దుకాణంలో నాకో ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అది చదువుకునే కథ కాదు, ఆడుకునే కథ. ఒకడు పుస్తకం చూసి కథ నడుపుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్రయి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆదివారం మధ్యాహ్నాలు మా అద్దె గదిలో ఆడేవాళ్లం. నడిపే ఖర్మ నాది.

ఖర్మే మరి. పుస్తకంలో ఏటి అవతల పెద్ద కోట ఉంది. నేలమాళిగలు, మాంత్రికుడు, అన్నీ ముందే చదివి సిద్ధంగా పెట్టుకునేవాణ్ణి. మావాళ్లు ఏరు దాటితేగా! పడవవాడి గురించి పుస్తకంలో ఉన్నది ఒక్క వాక్యం, అడిగినవాళ్లని దాటిస్తాడని. పేరు కూడా లేదు. మాలో రాజు అనేవాడికి మాత్రం ఆ పడవవాడి పెళ్లాం పిల్లల సంగతులన్నీ కావాలి. ఆదివారాలు గడిచిపోతున్నాయి, మేం ఇవతలి ఒడ్డునే ఉన్నాం.

మాతో కూర్చునే శ్రీనివాస్ మాత్రం ఆటలో మాట్లాడేవాడు కాదు. వాడిది కోనసీమ. వాళ్ల నాన్నగారు గోదావరి పాయ మీద పొడుగాటి వెదురు గెడ వేసి పడవ నడిపేవారు. ఆ ఏడే పోయారు. చదువు మానేసి పడవ చూసుకుంటానని వీడు మొండికేశాడు. వాళ్లమ్మగారు మా గదికొచ్చి ఏడ్చి వెళ్లారు. చెప్పి చెప్పి మా నోళ్లు నొప్పెట్టాయి. కనీసం ఆటలోనైనా కూర్చోమని లాక్కొచ్చాం.

ఒక ఆదివారం వాడు నోరు విప్పాడు.

"నేను కోటకి రానురా. ఆ పడవ నాకిచ్చెయ్యమను. ఇక్కడే ఉండిపోతా."

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు వీడు కూడానా! పాచికలు వెయ్యమందామని నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"ఈ గెడ మీ చేతికిచ్చేది లేదండి అబ్బాయిగారూ. చెప్పులేసుకుని దిగండి. బస్సెళ్లిపోద్ది."

మాంత్రికుల కథలో బస్సేంటి? రాజు నవ్వబోయి, శ్రీనివాస్ మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత వాళ్లు చెప్పారు, గొంతు నాదేనట, మాట తీరు మాత్రం నాది కాదట. ఆ మాటలు అన్నట్టు నాకూ గుర్తుంది. ఎందుకన్నానో తెలీదు.

శ్రీనివాస్ తలొంచుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత చెప్పాడు. వాళ్ల నాన్నగారు ఎవర్నీ చెప్పులతో పడవ ఎక్కనిచ్చేవారు కాదట. కొడుకుని ఆటపట్టించాలంటే అండీ, గారూ అనేవారట. చివరిసారి కాలేజీకి వస్తూ వీడు గెడ అడిగితే, ఆయన అన్న మాటలు అవేనట. అప్పుడు పడవలో వాళ్లిద్దరే ఉన్నారు. ఆ సంగతి వాడు అమ్మకి కూడా చెప్పలేదు. నేనా, ఆయన్ని చూసింది లేదు, మాట విన్నది లేదు.

వాడు చదువు మానలేదు. అందుకు సంతోషమే. కానీ ఆ తర్వాత ప్రతి ఆదివారం వాడికి పడవాయనతోనే పని. నేను యాస మార్చి, గొంతు తగ్గించి ఏదో అనేవాణ్ణి. వాడు ఓపిగ్గా విని, "కాదురా" అనేవాడు. నాకు రాదని అరిచేదాకా వచ్చింది. కోట సంగతి అందరూ మరిచిపోయారు.

ఆ ఒక్కసారి ఎలా వచ్చిందో, మళ్లీ ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఫలితాలు వచ్చాక చివరిసారి కూర్చున్నాం. శ్రీనివాస్ పాచికలు పక్కన పెట్టి, చెప్పులు గుమ్మం బయట విడిచొచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"నాన్నా, పాసయ్యాను" అన్నాడు.

నేను నోరు తెరిచి ఎదురుచూశాను. ఏ మాటా రాలేదు.