మంచం ఆగిన చోట

మా మేస్త్రి తాత పోయాడు. సున్నం కలిపే ఆమె పొద్దున్నే వచ్చి, నెత్తి మీద గంపైనా దించకుండా, "తాత లేడు సామీ. లేపితే లేయలేదంట" అంది. నాన్నా నేనూ కొత్త ఇంటి స్థలంలో, కొలతలు వేసే తాడూ గూటాలూ పట్టుకుని ఆయన కోసమే నిలబడి ఉన్నాం. నాకేమీ అర్థం కాలేదు. నిన్న సాయంత్రం ఆయన మజ్జిగ తాగి బోర్లించిన గ్లాసు కానుగ చెట్టు మొదట్లో అలాగే ఉంది.

కర్నూలు రాజధాని అయినాక ఊరంతా ఇళ్లు లేస్తున్నాయి. వకీలైన మా నాన్న కూడా ఊరి చివర స్థలం కొన్నారు. అందులో ఉన్నది ఈ ఒక్క చెట్టు. నాన్న గదులు గీసిచ్చిన కాగితాన్ని మేస్త్రి తాత మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. నులకమంచం తెప్పించి చెట్టు కింద వేసుకున్నాడు. పొద్దంతా దాని మీదే. నీడ జరిగినప్పుడల్లా మంచమూ జరిగింది. మధ్యాహ్నం మూడింటికి అది ఆగిన చోట సున్నంతో గీత గీశాడు.

"వసారా ఈడ సామీ. ఎండ మండే యాళకు నీడ ఈడికొస్తాది."

మేము బాడుగకున్న ఇంటి పడమటి గోడను నిరుడు ఒకసారి మధ్యాహ్నం వేళ, పిల్లల నుదురు చూసినట్టు, మునివేళ్లతో తాకి చూశాడు. "దీనికి జ్వరమొచ్చిండాది" అన్నాడు. మర్నాడే చిక్కుడు విత్తులు తెచ్చి ఆ గోడ వెంట పెట్టాడు. తీగ గోడంతా కమ్మేశాక, ఎండాకాలంలో నేను లోపల ఆ గోడకు ఆనుకుని చదువుకోగలిగాను. "గోడ కాలినంక లోపల విసనకర్ర ఊపితే ఏం లాభం?" అనేవాడు.

నిన్న నాన్నకు విసుగొచ్చింది. "చెట్టుంటే నా ముందుగది ఎక్కడ కట్టాలి? రేపు కొట్టిస్తా."

"గోడ నెల్లాళ్లలో లేపుతా సామీ. ఇట్లాంటి నీడ లేపమంటే నాతో గాదు." నావైపు తిరిగాడు. "పాపా, నువ్వు యాడ కూచోని చదువుకుంటావు?"

"దాన్నేమడుగుతావు? పుస్తకముంటే సున్నపు బట్టీలోనైనా కూర్చుంటుంది."

"పాప కూచుంటాది. ఆ వేడికి మనమే కూచోలేం."

ఎక్కడ చదువుకుంటావని నన్ను ఎవరూ అడిగి ఎరగరు. తల వంచుకున్నాను. తాత మజ్జిగ గ్లాసు చెట్టు మొదట్లో బోర్లించాడు. "సరే, రేపు సూద్దాం" అని వెళ్లాడు.

నాలుగు రోజులకు కొత్త మేస్త్రి గొడ్డలి మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను మంచం ఈడ్చి చెట్టు కింద వేసుకుని కూర్చున్నాను. పుస్తకం తెరిచాను గానీ అక్షరాలు కనబడలేదు.

"లేమ్మా" అన్నారు నాన్న.

"వసారా తాత గీసిన చోటే ఉండాలి నాన్నా. నేనక్కడ చదువుకుంటాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాన్న సున్నపు గీతనూ, బోర్లించిన గ్లాసునూ చూశారు. గొడ్డలి మనిషిని చేత్తోనే పొమ్మన్నారు.

"ఎండొస్తే మంచం జరుపుకో" అని వెళ్లిపోయారు.

జరుపుకుంటూనే ఉన్నాను. మూడింటికి మంచం కాళ్లు ఆ గీత మీదికి వచ్చాయి.