తలకిందుల రాజు

పుత్తూరులో రైలు పట్టాల పక్కన రాజారత్నం వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం ఆయన పని. అరవై దాటినా పొద్దుట కూర్చుంటే భోజనానికి తప్ప లేవడు. నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, సూపర్‌వైజర్ అన్న మాటలన్నీ బస్సులో నెమరేసుకుంటూ వచ్చి, ఇంటికి పోబుద్ధికాక ఆ షాపులో కూలబడేవాణ్ణి.

"వచ్చినావా దూర్వాసుడా? రా, టీ చెప్పినా" అనేవాడు.

పాత రాగి, కంచు తూకానికి కొనడం కూడా ఆ వ్యాపారంలో భాగమే. ఒకసారి సొట్టబోయిన చెంబుల మధ్య తెల్లదొరల కాలంనాటి యుద్ధ పతకం ఒకటి దొరికిందట. అంచు మీద ఎవరిదో పేరు కొట్టి ఉంది. "పేరున్నదాన్ని ఎట్ల కరిగించేదబ్బా?" అని పక్కన పెట్టాడు. అప్పటినుంచి ఎక్కడ పతకం ఉందన్నా వెతుక్కుంటూ పోయేవాడు. ఆ మనిషి వారసులు దొరికితే ఇచ్చేస్తాడు. దొరక్కపోతే ఇంట్లో బీరువా చేరుతుంది. "సచ్చిపోయిన సిపాయిలంతా నా పట్టుచీరల్లోనే పండుకోనుండారు" అంటుంది ఆయన భార్య పంకజాక్షమ్మ. అంటూనే వాటి మధ్య కలరా ఉండలు వేస్తుంది.

ఏది అసలో ఏది దొంగదో తేల్చమని చిత్తూరు నుంచి కూడా ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. "మొహం ఎవురైనా పోత పోస్తారు. అంచు సూడు" అనేవాడు. పోతపోసిన అక్షరాలు అరిగిన సబ్బు మీది అక్షరాల్లా మెత్తగా ఉంటాయి. కొట్టినవి కోసుకున్నట్టు ఉంటాయి. కొందరు అసలు పేరు అరగదీసి వేరే పేరు కొట్టిస్తారు. అప్పుడు అంచు తగ్గిపోతుంది. తీగ మందం కొలిచే స్క్రూగేజితోనే దాన్నీ పట్టుకునేవాడు. దొంగదైతే మొహమాటం లేకుండా దొంగదే అనేవాడు. అందుకు సొంత బావమరిది కూడా మాట్లాడ్డం మానేశాడు.

సమాధుల పండగకు ముందు ఒక మధ్యాహ్నం రూతవ్వ వచ్చింది. కార్వేటినగరం పక్క పల్లె. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. వాళ్ల చర్చి పెద్ద దయానంద్ చెయ్యి పట్టుకుని ఆటో దింపాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి పోయిన వాళ్ల ఊరివాళ్ల పేర్లతో చర్చి ముందర రాయి నిలబెడుతున్నారు. రూతవ్వ తండ్రి చెంగయ్య పేరు దగ్గర పని ఆగింది.

"ఈయమ్మ నాయన ఆ యుద్ధంలో బస్రా పోయినాడంటుంది" అన్నాడు దయానంద్. "ఊర్లో కొందరేమో ఈయమ్మ మెళ్ళోది సంతలో కొన్న బిళ్ళంటారు. మీరొక మాట చెప్తే చెక్కిస్తాను. లేకుంటే లేదు. రేపు నన్ను తిడతారు సార్."

"తిడితే తిట్టించుకో. చర్చి పెద్దవు ఎందుకైనావు మరి?" అంది రూతవ్వ. మెడలోని తాడు తీసి రాజారత్నం చేతిలో పెట్టింది.

కంచు పతకం బంగారంలా మెరుస్తోంది. సిపాయికి వెండి, మూటలు మోసిన కూలీకి కంచు. చావడానికి పనికొచ్చిన మనుషులు పతకం దగ్గరికొచ్చేసరికి రెండు రకాలయ్యారు. పైభాగంలో ఉండాల్సిన పట్టీ విరిగిపోయింది. దానికి సరిగ్గా ఎదురుగా, అడుగున, ఒక రింగు అతికించి తాడు కట్టారు. అందుకని పతకం మీది తెల్లదొరల రాజుగారి తల కిందికి వేలాడుతోంది. నాకు భలే నచ్చింది.

"నాకు చిన్నప్పుడు జొరమొచ్చింది" అంది రూతవ్వ. "నాయన దీన్ని నా మెళ్ళో కట్టినాడు. రింగు అతికిన ఆచారేమో రాజు తల కిందికి పోతాదే అన్నాడంట. పోనీలేప్పా, నేను వాళ్ల మూటలు మోసినా, ఈయప్ప నా బిడ్డ జొరం మోయనీ అన్నాడంట నాయన."

రాజారత్నం భూతద్దం పెట్టి అంచు తిప్పాడు. నున్నగా ఉంది. ఒక్క అక్షరం లేదు. స్క్రూగేజి పెట్టి కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"తగ్గింది" అన్నాడు.

"అంటే? ఎవురో పేరు అరగదీసినారా?" అన్నాడు దయానంద్.

రాజారత్నం ఆమె వేళ్ల వైపు చూశాడు. "అవ్వా, దీన్ని దేనితో తోముతావు?"

"చింతపండు, ఇటుకపొడి. ఏటేటా సమాధుల పండగకు తోమి నాయన సమాధి మీద పెడతాను. సూడు, ఎట్ల తళతళమంటాందో!"

రాజారత్నం స్క్రూగేజి పక్కన పెట్టాడు. ఆమె మా మొహాలు చూసింది. మెల్లగా ఆమె మొహం మారింది.

"నేనే తుడిచేసినానా?"

"రింగు కింద ఇటుకపొడి పోదవ్వా. టంకం ఊడదీస్తే పేరు కొంచెం కనిపిస్తాది. కానీ ముందే చెప్తా ఉండా. ఆడ వేరే పేరుంటే నేను వేరే పేరే చెప్తాను."

రూతవ్వ పతకాన్ని గుప్పిట్లో మూసుకుంది. బయట గూడ్సు బండి పోతోంది. వద్దనమని ఆమెకు మనసులోనే చెప్పాను. ఆ తండ్రిని అలాగే ఇంటికి తీసుకుపొమ్మని.

"నాయన పెట్టించింది. తీస్తే మళ్ళా పెడతావా?"

"పెడతా."

"అయితే తియ్యి. నాయన నాకు అబద్ధం చెప్పడు."

టంకం కడ్డీ కాగింది. రింగు కదిలి పట్టకారులోకి వచ్చింది. రాజారత్నం వేడి మీదే గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, భూతద్దంలో చూశాడు. తర్వాత భూతద్దం నాకిచ్చాడు.

"నువ్వు సదువబ్బా. నాకు కండ్లు మసకగా ఉండాయి."

గోధుమరంగు కంచులో టంకం దిగి తెల్లగా నిలిచిన ఇంగ్లీషు అక్షరాలు. కోసుకున్నట్టున్నాయి. కూడబలుక్కుని పైకి చదివాను. "చెంగ... ఆ తర్వాత అరిగిపోయింది."

దయానంద్ వంగి తనూ చూశాడు. ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. "రాయి చెక్కేవాడికి ఇప్పుడే చెప్తానమ్మా" అని బయటికి పోయాడు.

రూతవ్వకు చదువు రాదు. ఆ తెల్లటి గీతల మీద వేలు పెట్టబోయింది. అక్షరాలు చల్లారాయో లేదోనని రాజారత్నం ముందు తన వేలు పెట్టి చూశాకే ఆమెను తడమనిచ్చాడు.

రింగు మళ్ళీ అతికించేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "పైన పెట్టు సార్. పేరు అందరికీ కనపడతాది, రాజు కూడా నిలబడతాడు."

"ఆయమ్మ నాయన యాడ పెట్టించినాడో ఆడనే" అన్నాడు.

అక్షరాల మీద టంకం కరిగి కప్పుకుంది. తాడు ఎక్కించి ఆయనే ఆమె మెడలో వేశాడు. రూతవ్వ పతకాన్ని కొంగుతో తుడవబోయి చెయ్యి ఆపుకుంది.

"నాయనా, ఇంక చింతపండు పెట్టకూడదా?"

"పెట్టవ్వా. బాగా తోము. పేరు లోపల ఉండాది."